అశోక్‌నగర్ అద్దె గదికి పత్తి చేను జమానతు

రైతు సమస్యల శీర్షికలో కాలేజీ ఫీజుల గోల ఎందుకని పాఠకులు అడగవచ్చు. యూరియా, మద్దతు ధర, కరెంటు - రాయడానికి ఇవి చాలవా అనీ అనవచ్చు. కానీ పల్లెలో ఏ ఇంటి అప్పుల పద్దు విప్పినా విత్తనాలు, పురుగు మందుల పక్కనే పిల్లల చదువు ఖర్చు కనబడుతుంది. అందుకే ఈ వారం మేము చేను గట్టు దిగి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల దాకా వచ్చాము. ఉన్నత విద్యకు డబ్బు ఎవరు పెడుతున్నారు? సర్కారు పెడుతున్నదని మంత్రులంటారు. భారం మేమే మోస్తున్నామని కాలేజీ యాజమాన్యాలంటాయి. ఆఖరికి బిల్లు ఎవరి గుమ్మంలోకి వచ్చి పడుతున్నదో చూద్దాం.

పక్కపక్కనే ఉన్న ఈ మూడు పేటలూ ఒక విధంగా చదువుల మార్కెట్ యార్డు. నారాయణగూడలో 1954లో పెట్టిన రెడ్డి మహిళా కళాశాల ఉంది, బాబూ జగ్జీవన్‌రామ్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, వాటి నడుమ ప్రైవేటు ఇంటర్ కాలేజీల బోర్డులున్నాయి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు. ఇంకా కాస్త నడిస్తే ఇందిరాపార్కు ధర్నా చౌక్. గిట్టుబాటు ధర ఇమ్మని రైతులు అక్కడికి వచ్చి కూర్చుంటారు. వాళ్ల పిల్లలు రెండు వీధుల అవతల అద్దె గదుల్లో పుస్తకాల ముందు కూర్చుంటారు. ఇద్దరి కష్టమూ ఒకే చేనులోంచి వచ్చిందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఎనిమిది క్వింటాళ్ల లెక్క

ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో మొదలైంది. ఇంతకు ముందు కాలేజీ మెట్టు ఎక్కని ఇళ్ల నుంచి వేలాది మంది ఇంజనీరింగు, డిగ్రీ చదవడానికి ఆ పథకం దారి చేసిందన్నది నిజం, దాన్ని కాదనకూడదు. అయితే 2012లో దానికి గిరి గీశారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ, పది వేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకూ పూర్తి ఫీజు. మిగిలిన అర్హులైన ఇంజనీరింగు విద్యార్థుల్లో చాలామందికి ఏడాదికి 35,000 రూపాయలే. తెలంగాణలో ఈ గిరి రాష్ట్రం ఏర్పడ్డాక కూడా చెరగలేదు. ఫీజులేమో పెరుగుతూనే పోయాయి.

ఒక లెక్క వేద్దాం. కాలేజీ ఫీజు లక్ష రూపాయలనుకోండి. సర్కారు 35,000 ఇస్తే మిగిలిన 65,000 తండ్రి కట్టాలి. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక్క ఏడాది ఫీజు తేడాకు ఎనిమిది క్వింటాళ్ల పత్తి. వానపై ఆధారపడ్డ చెలకలో ఎకరాకు ఆరేడు క్వింటాళ్లు వస్తే మంచి పంటే. తేమ ఎక్కువుందని కోత పెట్టకుండా, దళారి చేతిలో పడకుండా, విత్తనం, ఎరువు, ఏరిన కూలి ఏమీ తీసెయ్యకుండా అమ్మినా ఎకరం పంట మొత్తం చాలదు. నాలుగేళ్లకు 32 క్వింటాళ్లు. హాస్టలు, బస్సు, పుస్తకాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? పెద్ద విద్యారుణానికి బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. బాకీ రాకపోతే బ్యాంకులు ఆస్తిని స్వాధీనం చేసుకునే 2002 నాటి చట్టం సాగుభూమికి వర్తించదు. రైతుకది రక్షణే. కానీ అందువల్లనే చాలా బ్యాంకులు చదువు అప్పుకు పొలం కాగితాలంటే మొహం తిప్పుకుంటాయి. ఇక మిగిలింది పంట రుణం. ఎరువుకని తెచ్చిన డబ్బు ఫీజుకు పోతుంది, ఎరువు దుకాణంలో ఉద్దెర రాయించాల్సి వస్తుంది. కౌలు రైతుకైతే ఆ పంట రుణం కూడా దక్కదు. అతనికి మిగిలేది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. అదీ పుట్టని ఇంట్లో ముందుగా ఆగేది ఆడపిల్ల చదువు.

బకాయి సర్కారుది, జరిమానా పిల్లలది

ఇస్తామన్న 35,000 అయినా వేళకు వస్తున్నదా? 2025 నవంబరు 3 నుంచి తెలంగాణ ప్రైవేటు ఉన్నత విద్యా సంస్థలు బకాయిల కోసం బంద్ పాటించాయి. అప్పటికి పేరుకున్న బాకీలు వేల కోట్లు. ముందు 900 కోట్లు ఇమ్మని వాళ్లు అడిగారు. 600 కోట్లు వెంటనే, తక్కినవి తర్వాత ఇస్తామని ప్రభుత్వం చెప్పాక బంద్ ఆగింది. బాకీ పడింది ప్రభుత్వం, రావలసింది యాజమాన్యానికి. నడుమ పాఠాలు పోగొట్టుకున్నది విద్యార్థి. చదువు ముగిశాక సర్టిఫికెట్ల కోసం వెళ్తే, “సర్కారు డబ్బు రాలేదు, మీరే కట్టి తీసుకుపోండి, వచ్చాక ఇస్తాం” అనే కాలేజీలు తక్కువేమీ కావు. అంటే ప్రభుత్వ బాకీని రైతు వడ్డీకి తెచ్చి తీరుస్తున్నాడన్నమాట. ఇటువంటి అప్పు ఏ బడ్జెటు పుస్తకంలోనూ కనబడదు.

ఎరువుకు అయిదు, కోచింగుకు పద్ధెనిమిది

డిగ్రీతో ఖర్చు తీరిందా అంటే లేదు. పట్టా చేతికొచ్చాకనే అశోక్‌నగర్ ఖర్చు మొదలవుతుంది. కాలేజీ చదువు ఉద్యోగానికి చాలదని తేలిన చోట కోచింగ్ వ్యాపారం పుడుతుంది. ఎరువుపై జీఎస్టీ 5 శాతం. కోచింగ్ ఫీజుపై 18 శాతం. చదువు మా బాధ్యత అని చెప్పే ప్రభుత్వాలు నిరుద్యోగి కట్టే ఫీజులో వాటా తీసుకుంటున్నాయి!

పరీక్షయినా సవ్యంగా జరిగిందా? 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ పెట్టారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న జరిగింది. నడుమ రెండు యాసంగులు, ఒక వానాకాలం గడిచిపోయాయి. ఆ ఇరవై నెలలూ గది అద్దె ఆగలేదు, మెస్సు బిల్లు ఆగలేదు. లీకు చేసినవాళ్లపై కేసులు పెట్టారు, సరే. ఇంటి నుంచి వచ్చిన ఇరవై నెలల డబ్బుకు జవాబుదారీ ఎవరు?

“నోటిఫికేషన్ ఎప్పుడొస్తదంట బిడ్డా?” అని ఊరి నుంచి ఫోను. “వస్తదంటున్నరు నాయినా” అని ఇక్కణ్నుంచి జవాబు. ఈ రెండు మాటల నడుమ ఎన్ని గుంటల భూమి చేతులు మారిందో ఏ కమిషనూ లెక్క తీయలేదు.

ఊరందరి డబ్బుతో నడిచే బల్ల

ఇన్ని బోర్డుల మధ్య ఫీజు అడగని చోటు ఒకటుంది, చిక్కడపల్లి గ్రంథాలయం. పొద్దున్నే వచ్చి బల్ల పట్టుకుంటే రాత్రి దాకా చదువుకోవచ్చు. దీనికి డబ్బెక్కడిది? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఎనభై రూపాయలిస్తుంది. పల్లెలో పంచాయతీకి పన్ను కట్టే రైతూ ఇస్తాడు. ఎవరికీ మోయలేని బరువు కాదు, అయినా వేలమందికి నీడ. చదువు ఖర్చును అందరూ పంచుకోవడమంటే ఇదీ.

ఇది కొత్త మాట కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసినప్పుడు నిజాం ఖజానాకు పెద్ద రాబడులు భూమి శిస్తూ, ఆబ్కారీ. దున్నేవాడి శిస్తుతో, గీసేవాడి కల్లుతో రాతి కట్టడాలు లేచాయి. పాఠాలు మాత్రం ఉర్దూలో సాగాయి. వాటిని వినే భాగ్యం ఆ దున్నేవాడి పిల్లలకు దక్కలేదు. ఇవాళ వాళ్ల మనవలు గేటు దాటి లోపలికి వచ్చేసరికి అదే విశ్వవిద్యాలయంలో వందల అధ్యాపక పోస్టులు ఖాళీ. ఖర్చు తగ్గిద్దామన్న ఆలోచన సరిగ్గా పేదవాడి వంతు వచ్చేసరికే పుట్టుకొచ్చింది.

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆ ఆరు శాతాన్నే మళ్లీ రాసుకుంది. యాభై నాలుగేళ్లలో అంకె మారలేదు, అమలూ కాలేదు. డబ్బున్న దేశాలకే ఉచిత విద్య చెల్లునని కొందరంటారు. డబ్బున్న ఇంగ్లండు 1998లో ఫీజులు పెట్టింది, జర్మనీ 2014 నాటికి ఎత్తేసింది. కాబట్టి ఇది ఖజానా ప్రశ్న ఒక్కటే కాదు, ఎవరి పిల్లలు చదవాలని పాలకులు అనుకుంటున్నారన్న ప్రశ్న.

రైతు సంఘాలు ఈ విషయాన్ని విద్యార్థి సంఘాలకు వదిలేయరాదని మేము భావిస్తున్నాము. బకాయిలను విద్యా సంవత్సరం ముగిసేలోగా చెల్లించాలి. బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపడాన్ని శిక్షార్హం చేయాలి. 35,000 గిరిని ఫీజులతో పాటు సవరించాలి. అంతకన్నా ముఖ్యం, ప్రభుత్వ కళాశాలల్లో ఖాళీలు నింపి, సీట్లు, హాస్టళ్లు పెంచాలి. అప్పుడు ప్రైవేటుకు కట్టే సొమ్మే తగ్గుతుంది. పరీక్ష ప్రభుత్వ తప్పిదంతో రద్దయితే అభ్యర్థికి పరిహారం ఇవ్వాలి. ధర్నా చౌక్‌కు వచ్చే రైతు సోదరులు ఈసారి మద్దతు ధర అట్టముక్క పక్కన ఫీజుల అట్టముక్క కూడా పట్టుకోవాలి. అశోక్‌నగర్ గదుల్లోంచి పిల్లలను కూడా పిలవాలి. ఆ మద్దతు ధర వచ్చినా రాకపోయినా దాని ఫలితం అనుభవించేది వాళ్లే.