వర్బల్ అంటే వణుకెందుకు?

జీఆర్ఈ అనగానే చాలామంది చేసే మొదటి పని మాటల జాబితా ఒకటి సంపాదించి బట్టీ మొదలుపెట్టడం. ఆ పరీక్ష ఇప్పుడు అడుగుతున్నది అది కాదు. అడుగుతున్న దాంట్లో సగం నల్గొండ పిల్లలకు చిన్నప్పటి నుంచీ అలవాటే!

ఇంజినీరింగ్ మూడో ఏడు అయిపోయేసరికి ఇంట్లోకి అమెరికా మాట వచ్చేస్తుంది. సీనియర్ ఎవరో వెళ్లాడనో, మేనమామ కొడుకు డల్లాస్‌లో ఉన్నాడనో... ఏదో ఒక వంకన మొదలవుతుంది. ఆ వెనకే పాస్‌పోర్టు, బ్యాంకు లోను, పొలం కాగితాలు. మనకే కాదు, దేశమంతటా ఇదే వరస. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనమే మొదటి స్థానంలోకి వచ్చాం. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కలే చెప్పాయి.

ఇంత పెద్ద ప్రయాణంలో నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ పిల్లలు తడబడే మెట్టు ఒకటుంది. లెక్కల భాగం కాదు. ఎంపీసీలో రెండేళ్లపాటు రుబ్బినవాళ్లకు క్వాంట్ అంటే పెద్ద బెదురుండదు. చిక్కల్లా వర్బల్‌తోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకైతే మరీను. ‘గా ఇంగ్లిషు మనతోని అయితదా అన్నా’ అనుకుంటూ ఉన్నదాంట్లో లావుపాటి జాబితా తెచ్చుకుని ‘ఎ’ అక్షరం దగ్గర మొదలుపెడతారు. మూడు వారాలకు ‘సి’ దాకా వస్తారు. అప్పటికి ‘ఎ’ మరిచిపోయి ఉంటారు!

పరీక్ష మారింది... జిరాక్సు మారలేదు

ఈ జాబితాల పిచ్చికి ఒకప్పుడు అర్థముంది. కార్నెగీ ఫౌండేషన్, నాలుగు అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి 1936లో మొదలుపెట్టిన పరీక్ష ఇది. తర్వాత ఈటీఎస్ చేతికి వచ్చింది. 2000 దశకంలో మనవాళ్లు రాసిన వర్బల్‌లో ‘యాంటనిమ్స్’ ఉండేవి. ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకార్థం చెప్పమనేవారు. చుట్టూ వాక్యం లేదు, ఆధారం లేదు. తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు. ‘అనాలజీస్’ కూడా అలాంటివే. అందుకే బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటల జాబితా అమీర్‌పేట నుంచి జిరాక్సుల మీద జిరాక్సులై జిల్లాలన్నీ తిరిగింది.

2011 ఆగస్టులో ఈ రెండు రకాల ప్రశ్నల్నీ తీసేశారు. మార్కుల కొలత కూడా 200-800 నుంచి 130-170కి మారింది. 2023 సెప్టెంబరులో పరీక్షనే కుదించి గంటా 58 నిమిషాలు చేశారు. ఇప్పుడు వర్బల్ అంటే రెండు విడతల్లో 27 ప్రశ్నలు, మొత్తం 41 నిమిషాలు. మొదటి విడత ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండోది తేలిగ్గానో కష్టంగానో వస్తుంది. అన్నీ వాక్యాల్లోంచి, పేరాల్లోంచి పుట్టిన ప్రశ్నలే. దిక్కూమొక్కూ లేని ఒంటరి మాట ఒక్కటీ రాదు.

అయినా అన్న వాడిన జాబితా తమ్ముడి చేతికి వస్తూనే ఉంది. మాటలు నేర్చుకోవద్దని కాదు. ఏడెనిమిది వందల మాటలు బాగా తెలిసి ఉండటం ఎవరికైనా మంచిదే. కానీ వాటిని వాక్యంలో చూడకుండా పక్కన తెలుగు అర్థం రాసుకుని వల్లించడం మాత్రం పాత పరీక్షకు చదవడమే!

‘పైలం’ అంటే ఏంటి?

గుంటూరు నుంచి వచ్చినాయన ఒకరు నల్గొండ బస్టాండులో నిలబడ్డాడనుకోండి. హైదరాబాదు బస్సెక్కుతున్న కొడుకుతో తల్లి ‘పైసలు లోపలి జేబుల పెట్టుకో. పైలం బిడ్డా’ అంది. ఆయన ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినలేదు. నిఘంటువూ తీయలేదు. అయినా ‘జాగ్రత్త’ అని అర్థమైపోయింది. ఎలా? బస్సు, జేబు, తల్లి గొంతు... చుట్టూ ఉన్నవే చెప్పాయి.

వర్బల్‌లో ‘టెక్స్ట్ కంప్లీషన్’ అంటే ఇంతే. వాక్యంలో ఒకటి, రెండు లేదా మూడు ఖాళీలుంటాయి. చుట్టూ ఉన్న ఆధారాలతో పూరించాలి. ‘ఊళ్లో అందరితో ఎంత నెమ్మదిగా ఉన్నా, ఇంట్లో మాత్రం ఆయన...’ అని ఆపేస్తే మిగతాది మీరే చెప్పేస్తారు. ఆయన ఎవరో తెలియదు. ‘ఉన్నా’, ‘మాత్రం’ అన్న రెండు ముక్కలు చాలు. ఇంగ్లిషులో ఆ పని ఆల్దో, డిస్పైట్, యెట్ చేస్తాయి. హెన్స్, దేర్‌ఫోర్ అంటే అదే దారిన ముందుకు. కోలన్ గుర్తు కనిపిస్తే, ముందన్నదాన్నే తర్వాత విప్పి చెబుతున్నారని. ముందు జవాబుల వంక చూడకుండా, ఖాళీలో ఏం రావాలో తెలుగులోనే అనుకోండి. ఆ తర్వాతే కింద వెతకండి. ఎదురుగా ఉన్న జవాబులను ఒక్కొక్కటిగా ఖాళీలో దూర్చి చూసేవాళ్లకు అన్నీ సరిపోయినట్టే ఉంటాయి.

బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష... మన జిల్లాకు ఇది కొత్తేం కాదు. నిజాం కాలంలో ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఉర్దూలో చదివారు. 1918లో మొదలైన ఉస్మానియాలో సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇప్పటి పిల్లలు ఇంట్లో ‘ఎవుసం’ అని, పుస్తకంలో ‘వ్యవసాయం’ అని చదువుకుంటూనే పెరిగారు. తెలియని మాటను చుట్టుపక్కల మాటలతో పోల్చుకోవడం వాళ్లు ఒకటో తరగతి నుంచీ చేస్తున్న పనే. దానికి ఎవరూ మార్కులేయలేదు, అంతే!

తెలిసిన మాటలే ముంచుతాయి

తెలియని మాటలకన్నా తెలుసనుకున్న మాటలే వర్బల్‌లో ఎక్కువ దెబ్బ తీస్తాయి. ‘క్వాలిఫై’ సంగతే చూడండి. మనకు క్వాలిఫై అయ్యాడంటే గట్టెక్కాడని. జీఆర్ఈలో ‘క్వాలిఫైడ్ ప్రెయిజ్’ అంటే అర్హత ఉన్నవాడి మెచ్చుకోలు కాదు. ‘బాగానే ఉంది గానీ...’ అంటూ నసిగే మెచ్చుకోలు! ‘శాంక్షన్’ మరీ గడుసుది. బ్యాంకు లోను శాంక్షనైతే పండగే. అదే మాట ఒక దేశం మీద పడితే ఆంక్ష. ‘చెక్’ అంటే అదుపు చేయడం, ‘వాంట్’ అంటే లేమి, ‘ఎకానమీ’ అంటే పొదుపు, ‘ఫ్లాగ్’ అంటే నీరసించడం, ‘బిట్రే’ అంటే దాచాలనుకున్నది బయటపడటం. ‘పెడెస్ట్రియన్’ అంటే పాదచారే కాదు, చప్పగా ఉన్నదని కూడా. ‘హజ్బెండ్’ను క్రియగా వాడితే ఉన్నదాన్ని జాగ్రత్తగా పొదుపుగా వాడుకోవడం (ఇళ్లల్లో ఆ పని ఎవరు చేస్తారన్నది వేరే సంగతి).

ఇలాంటివి ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే వందా నూటయాభై దాకా వస్తాయి. వెయ్యి కొత్త మాటలకన్నా ఈ పాత మాటల మీద పెట్టిన వారం రోజులే ఎక్కువ అక్కరకొస్తాయి.

లఘువు, గురువు

మరి కొత్త మాటల మాటేంటి? తెలుగు మీడియం వాళ్ల దగ్గర ఉండి కూడా వాళ్లు వాడుకోని ఆస్తి ఇక్కడే ఉంది.

హైస్కూల్లో పద్యానికి గణవిభజన చేశారు కదా. ఒక మాత్ర కాలంలో పలికేది లఘువు, రెండు మాత్రలది గురువు. లఘువంటే తేలిక, గురువంటే బరువు. లాటిన్‌లో తేలికైనదాన్ని ‘లెవిస్’ అంటారు, బరువైనదాన్ని ‘గ్రావిస్’ అంటారు. ఈ లెవిస్, మన లఘువు ఒక తల్లి పిల్లలు. గ్రావిస్, గురువూ అంతే. బాధను తేలిక చేయడం ‘అలీవియేట్’, బరువెక్కించడం ‘అగ్రవేట్’. వేళాకోళంగా తేలిగ్గా తీసుకుంటే ‘లెవిటీ’, గంభీరమైతే ‘గ్రావిటీ’. నాలుగు మాటలు బట్టీ లేకుండానే వచ్చేశాయా లేదా?

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదు. మనది ద్రావిడ భాష అని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న తత్సమాలు వేలకొద్దీ ఉన్నాయి. పుట్టింటి చుట్టరికం కాకపోయినా అత్తింటి చుట్టరికం ఉందన్నమాట. అదీ పనికొస్తుంది.

స్వప్నంతో చుట్టరికమున్న లాటిన్ మాట ‘సామ్నస్’, అంటే నిద్ర. అందులోంచి నిద్రమత్తుకు ‘సామ్నలెంట్’. వాక్కు దగ్గర్నుంచి ‘వొసిఫరస్’, అంటే గట్టిగా అరిచే. మృతిని తలపించే ‘మారిబండ్’, చావుకు దగ్గరపడ్డదని. జ్ఞానంతో ‘అగ్నాస్టిక్’. నామంతో ‘ఇగ్నోమినీ’, పేరు పోగొట్టుకున్న అవమానం. అగ్నితో ‘ఇగ్నైట్’. చంద్రుడి వెలుగుతో ‘ఇన్‌కాండసెంట్’. నవతో ‘నావిస్’, అంటే కొత్తగా చేరినవాడు.

ఒక హెచ్చరిక. చెవికి ఒకేలా వినిపించినవన్నీ చుట్టాలు కావు. కాలం నుంచి క్యాలెండర్ పుట్టిందని చెప్పుకుంటూ ఉంటారు. అది లాటిన్‌లో నెల మొదటి రోజుకున్న పేరు నుంచి వచ్చింది. అనుమానం వస్తే నిఘంటువులో ఆ మాట పుట్టుక చూడండి. అరనిమిషం పని. ఆ అరనిమిషంలోనే మాట బుర్రలో దిగిపోతుంది.

మన నీళ్ల మీద ఒక పేరా

ఇక మిగిలింది రీడింగ్ కాంప్రహెన్షన్. వర్బల్‌లో దాదాపు సగం ఇదే. కోచింగుల్లో తక్కువ చెప్పేదీ ఇదే. దీనికి మంచి సాధన కావాలంటే మన ఊరి పేరే వెతకండి. ప్రపంచంలో నీటిశుద్ధి గురించి రాసే ఇంగ్లిషు వ్యాసాల్లో ‘నల్గొండ టెక్నిక్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి వడకట్టడం. టాంజానియా, ఇథియోపియాలలో కూడా దీన్ని వాడి చూశారు.

అలాంటి వ్యాసంలోని పేరా సాధారణంగా ఇలా నడుస్తుంది. పద్ధతి చవక, సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే పటిక మోతాదు నీటిని బట్టి మారాలి, అడుగున మిగిలే బురదను ఎక్కడ పారబోయాలన్నది సమస్య, నీళ్లలో అల్యూమినియం మిగిలే ప్రమాదముంది. ఇప్పుడు ప్రశ్న: రచయిత అభిప్రాయం ఏమిటి? ‘పద్ధతి పూర్తిగా విఫలం’ అన్న జవాబు ఊరిస్తుంది. తప్పు. ‘అన్నిచోట్లా పనికొస్తుంది’... అదీ తప్పే. మెచ్చుకుంటూనే హద్దులు చెప్పాడు. ఇందాకటి ‘క్వాలిఫైడ్’ మాట ఇక్కడ పనికొచ్చింది చూశారా!

ఇలాంటి పేరా పరీక్షలో వస్తే నల్గొండ పిల్లలకే ప్రమాదం ఎక్కువ. వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు కళ్లారా చూసినవాళ్లు. పేరాలో లేని సంగతులు వాళ్లకు బోలెడు తెలుసు. కానీ జవాబు మాత్రం పేరాలో ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలి. పొలంలో బోరు గురించి మీకు తెలిసిన నిజానికి అక్కడ మార్కు లేదు. రచయిత ఏమన్నాడు, ‘అయితే’ ఎక్కడ వచ్చింది, ఆ వాక్యం అక్కడ ఎందుకు పెట్టాడు... ఈ మూడూ పట్టుకోవడమే సాధన. రోజుకు రెండు పేరాలు చాలు. చదివాక పుస్తకం మూసి, రచయిత ఏమన్నాడో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోయారంటే మీకూ అర్థం కాలేదన్నమాట.

ఫీజు కట్టేముందు

2020 తర్వాత చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు కొన్ని కోర్సులకు జీఆర్ఈ అక్కర్లేదన్నాయి. కొన్ని మళ్లీ అడగడం మొదలుపెట్టాయి. మీరనుకున్న డిపార్ట్‌మెంట్ ఏమంటోందో ముందు చూసుకోండి. లేని పరీక్షకు నాలుగు నెలలు, ఇంట్లోవాళ్ల డబ్బులు ఎందుకు?

రాయాల్సిందే అయితే, ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ పరీక్షలు రెండున్నాయి. ఒకటి మొదటి వారంలోనే రాసేయండి. రెండోది చివరికి అట్టిపెట్టుకోండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. రెండు మూడు ఖాళీల ప్రశ్నలో ఒక్కటి తప్పినా మొత్తం పోయినట్టే. ఆరు జవాబుల్లో రెండు ఎంచుకోవాల్సిన సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లోనూ అంతే. అందుకని ఒక దాని దగ్గరే కూర్చుండిపోకుండా, గుర్తు పెట్టి ముందుకెళ్లి ఆ విడత పూర్తయ్యేలోపు వెనక్కి రావచ్చు. పాత రోజుల్లో కంప్యూటర్ పరీక్షలో ఆ వీలు లేదు.

దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. అదేదో ముందే సరిచేసుకోండి. అనుకున్న మార్కులు రాకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. 12 నెలల్లో అయిదుసార్ల దాకా వీలుంది. ఏ మార్కులు పంపాలో ఎంచుకునేది మీరే. ఒకసారి వచ్చిన మార్కులు అయిదేళ్లు చెల్లుతాయి.