ఇసుకలో నిద్రపోయే పూలు

ఎడారి అనగానే మీకేం గుర్తుకొస్తుంది? ఇసుక, ఎండ, ఒంటెలు. అంతే గదా! అలాంటి చోట ఒక్కొక్క ఏడు కనుచూపు మేర ఊదా, పసుపు, తెలుపు పూలు విరగబూస్తాయంటే నమ్ముతారా? అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆంజా-బొరేగో అనే ఎడారి ఉంది. మార్చి నెలలో శాన్ డియాగో నగరంనుంచి పొద్దున్నే కారులో బయలుదేరితే, కొండలు దాటి ఆ పూలు చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మనమూ ఆ దారిన ఒకసారి వెళ్ళివద్దాం రండి.

శాన్ డియాగో పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉంది. అక్కడినుంచి తూర్పుకు పోతుంటే రోడ్డు కొండలెక్కుతుంది. మొదట పొదలు, తర్వాత ఓక్ చెట్లు, ఇంకా పైన పైన్ చెట్లు. సుమారు 1,280 మీటర్ల ఎత్తున జూలియన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆపిల్ పండ్లకు పేరుపడిన ఊరు. చలికాలంలో అప్పుడప్పుడు మంచు కూడా కురుస్తుంది. అది దాటగానే రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతుంది. గంటలోపే చెట్లన్నీ మాయం! బోడికొండలు, ముళ్ళపొదలు, నాగజెముడు జాతి మొక్కలు. బొరేగో స్ప్రింగ్స్ అనే ఊరు చేరేసరికి మీరున్న ఎత్తు 200 మీటర్లకు లోపే.

ఇంత కొద్ది దూరంలో ఇంత మార్పు ఎందుకు? సముద్రంమీది తేమగాలి కొండ ఎక్కుతూ చల్లబడుతుంది. అందులోని ఆవిరి మేఘమై, చాలావరకు పడమటి వాలుమీదే కురిసిపోతుంది. శిఖరం దాటి దిగే గాలి మళ్ళీ వేడెక్కుతుంది గనుక మిగిలిన తేమ వానగా మారదు. ఇదే వర్షచ్ఛాయ. మన అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉందని భూగోళంలో చదివే ఉంటారు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే, బొరేగోలో పడేది దాదాపు 150. అదీ నమ్మకం లేదు.

మరి పూలెక్కడివి? ఇవి చాలావరకు కొద్ది నెలలు బతికి, విత్తనాలు రాల్చి చచ్చిపోయే మొక్కలు. విత్తనాలు మాత్రం ఇసుకలో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. ఇక్కడే ఒక చిక్కుంది. చిన్న జల్లుకే మొలిచి, ఆ తర్వాత వాన రాకపోతే? మొలక పూయకుండానే ఎండిపోతుంది. తొలి జల్లుకే విత్తనం వేసి నష్టపోయిన రైతుకు మళ్ళీ విత్తనాలు కొనుక్కునే దారైనా ఉంది. ఈ మొక్కకు అదీ లేదు!

ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1940, 50 దశకాలలో కాలిఫోర్నియాలోనే ఈ సంగతి పరీక్షించాడు. ఎడారి ఇసుకను విత్తనాలతో సహా ప్రయోగశాలకు తెచ్చి, దానిమీద కృత్రిమంగా వాన కురిపించాడు. కొద్దిపాటి జల్లుకు విత్తనాలు కదలలేదు. సుమారు 25 మిల్లీమీటర్లు కురిస్తే మొలిచాయి. ఇంకా తమాషా ఏమిటంటే, అడుగునుంచి నీరు పట్టించి అదే ఇసుకను తడిపితే మొలవలేదు! నీరు పైనుంచే పడాలి. ఎందుకని? చాలా విత్తనాల పైపొరలో మొలకను ఆపే రసాయనాలుంటాయి. పైనుంచి పడే వాన వాటిని కరిగించి కిందికి కడిగేయాలి. అంటే విత్తనం వానను కొలుస్తున్నదన్నమాట! అంతేకాదు, ఇసుకను చల్లగా ఉంచితే శీతాకాలపు మొక్కలు, వెచ్చగా ఉంచితే వేసవి మొక్కలు మొలిచాయి. మంచి వానకు కూడా విత్తనాలన్నీ ఒకేసారి లేవవు. కొన్ని నిద్రపోతూనే ఉంటాయి, రేపటి కరువు ఎవరికి తెలుసు!

చలికాలపు వానలు సరిగ్గా కుదిరిన 2005, 2017, 2019 సంవత్సరాలలో బొరేగో పూలతో నిండిపోయింది. వానలు లేని ఏడు వెళ్ళినవారికి ఇసుకే మిగులుతుంది.

ఇప్పుడు ఈ పూలకు కొత్త పోటీ వచ్చింది. సహారా ఆవమొక్క అని, మన ఆవాల మొక్కకు చుట్టమే. పాతప్రపంచపు ఎడారులనుంచి అమెరికా చేరింది. తక్కినవాటికంటే ముందుగా మొలిచి, వాటికి దక్కవలసిన నీరు, వెలుతురు లాగేసుకుంటుంది. ఒక పెద్ద మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అందుకని బొరేగోలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు దాన్ని చేతులతో పీకుతుంటారు. కాయలు ముదరకముందే పీకాలి. పీకేటప్పుడు పక్కనున్న పూలమొక్కలను తొక్కకుండా చూసుకోవాలి, అవింకా విత్తనం కట్టి ఉండవు.