ఉపన్యాస ప్రతిపాదన వ్రాయు విధము

2009వ సంవత్సరమున లాస్ వేగస్ నగరములో జరిగిన బ్లాక్ హ్యాట్ అను కంప్యూటర్ భద్రతా సభకు ముందు, స్థలము చాలనందున మంచి ఉపన్యాస ప్రతిపాదనలు పెక్కు నిరాకరింపబడెను. అట్టివారిలో కొందరును వారి మిత్రులును కలిసి ఒక యింట వేరుగా సభ జరిపిరి. గ్రామఫోను ప్లేటునకు, అంతగా ప్రసిద్ధికెక్కని పాట యుండు రెండవ ప్రక్కను బీ సైడ్ అందురు. ఆ పేరే తమ సభకు బీసైడ్స్ అని పెట్టుకొనిరి. నేడట్టి సభలు అనేక దేశములలో జరుగుచున్నవి.

వీనిలో మాటలాడగోరువారు ముందుగా ప్రతిపాదన పంపవలెను. సభికులకై ప్రకటించు సంగ్రహము నాలుగు వాక్యములైన చాలును. పరీక్షకులకు పంపు వివరణమే ముఖ్యము. పలువురు ఇచ్చటనే తప్పుదురు. కథకులవలె ముగింపును దాచి ఊరింతురు. పరీక్షకులు శ్రోతలు కారు. ఏ ప్రోగ్రామునందు ఏ లోపమును కనుగొంటిరో, ఎట్లు పరీక్షించితిరో, తుదకేమి తేలెనో, ఏ భాగమునకెన్ని నిమిషములో వారికి విప్పి చెప్పవలెను. కొన్ని సభలలో వ్రాసినవారి పేరు పరీక్షకులకు చూపరు. అచ్చట బిరుదులు అక్కరకు రావు. మావంటి ఉపాధ్యాయులకిది సంతోషకరమే.

ఆ లోపము ఇంకను సరిచేయబడనిచో, దానిని ముందుగా ప్రోగ్రాము యజమానులకు తెలిపి, తెలిపిన సంగతిని ప్రతిపాదనలో వ్రాయవలెనని మా యభిప్రాయము. లేనియెడల వేదికపై పలికిన మాట మరునాడే దొంగచేతి తాళపుచెవి కాగలదు.

క్రొత్తవారు జంకనక్కరలేదు. లాస్ వేగస్ బీసైడ్స్ సభలో ప్రూవింగ్ గ్రౌండ్ అను విభాగము, మున్నెన్నడును పెద్ద సభలో మాటలాడనివారికై యేర్పడినది. అందు ఒక్కొక్కరికి అనుభవజ్ఞుడొకడు తోడుండి, ఉపన్యాసమును దిద్దుకొనుటకు సాయపడును.