విసరు చేయి - దాని వెల

చేవెళ్ల మండలములోని ముడిమ్యాల వంటి ఊరిలో, సాయంకాలము బడి విడిచిన తరువాత పిల్లల ఆటను కొంతసేపు చూడుడు. దూరమున నిలిచిన పిల్లవాడు బంతిని పట్టి, చేయి వెనుకకు వంచి, వికెట్ల వైపు బలము కొలది విసరును. ఇరువది ముప్పది మార్లు విసరిన తరువాత మోచేతి లోపలి ప్రక్కను నొక్కుకొనుచు “చెయ్యి గుంజుతున్నది సార్” అనును. “జర రుద్దుకొని ఆడుపో” అని మనము పంపివేయుదుము. ఆ చిన్న నొప్పియే పెద్ద ఆటలలో కోట్ల రూపాయల బేరములను తారుమారు చేయుచున్నదని మనకు తోచదు.

పొరుగు మండలమైన మొయినాబాదులో, ముర్తుజాగూడ వద్ద, 2013లో ప్రారంభమైన సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ కలదు. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ బిరుదుల సంగతి అందరికిని తెలిసినదే. ఆ ఆరును 2008లో ఆమె కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగిన తరువాత వచ్చినవే యని గుర్తుంచుకొనువారు తక్కువ. ఆటగాని ఆయువుపట్టు వంటి చేతికి శస్త్రచికిత్స జరిగినచో అతని బ్రతుకు ఏమగును? పూర్వపు బలము మరల వచ్చునా? అతని వెల ఎంత తగ్గును? ఈ ప్రశ్నలకు మిక్కిలి వివరముగా లెక్కలు కట్టినవారు అమెరికాలోని బేస్‌బాల్ ఆటవారు. కావున మొదట వారి ఆటను చూచి, తరువాత మన ఊరికి వత్తము.

విసరుటలో జరుగునదేమి?

బేస్‌బాల్‌లో బంతి విసరువానిని పిచ్చరు అందురు. క్రికెట్టు బౌలరు బంతి వేయునప్పుడు వంచిన మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపరాదు. పిచ్చరుకు ఆ కట్టుబాటు లేదు. అతడు మోచేయి వంచి, 60 అడుగుల 6 అంగుళముల దూరమునకు బంతిని విసరును. గట్టివాడు విసరిన బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగమును దాటును.

జొన్నచేలలో పిట్టలను తోలు వడిసెలను తలచుకొనుడు. చేయి కొంచెము కదలినను త్రాటి కొననున్న రాయి మహావేగముగా తిరుగును. పిచ్చరు చేయియు అట్టిదే. కాళ్లలో పుట్టిన బలము నడుమునకును, అచ్చటి నుండి భుజమునకును ప్రాకును. మొండెము ముందుకు తిరిగిపోవుచుండగా ముంజేయి ఇంకను వెనుకనే ఉండును. ఆ క్షణమున మోచేతి కీలు లోపలి ప్రక్క విచ్చుకొనబోవును. దానిని విచ్చుకొననీయక పట్టియుంచునది భుజాస్థిని, ముంజేతి లోపలి ఎముకయైన అరత్నిని కలుపు చిన్న పట్టీ. దీనిని సంధిబంధనము అందురు.

ఆ సమయమున మోచేతిపై పడు బలభ్రామకము సుమారు 64 న్యూటను-మీటర్లు అని కొలిచినారు. మోచేతికి 25 సెంటీమీటర్ల దూరమున 26 కిలోల బియ్యపు బస్తాను వ్రేలాడదీసినట్లన్నమాట. కాని మృతదేహముల మోచేతులపై పరీక్షింపగా ఈ బంధనము సుమారు 32 న్యూటను-మీటర్లకే తెగినది. మరి ప్రతి బంతికిని ఏల తెగదు? చుట్టునున్న కండరములును, ఎముకల అమరికయు భారమును పంచుకొనుటచేత. కండరములు అలసినచో వాటి వంతు భారము బంధనముపై పడును. ఈ ఒక్క సంగతిని పట్టుకొన్నచో తక్కిన కథ యంతయు బోధపడును.

తెగినదాని స్థానమున క్రొత్తది

1974 జూలై 17వ తేదీన లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టులోని టామీ జాన్ అను ఎడమచేతి పిచ్చరుకు ఆట నడుమ ఈ బంధనము తెగినది. అంతవరకు అట్టి దెబ్బ పిచ్చరు బ్రతుకునకు భరతవాక్యము. సెప్టెంబరు 25న డాక్టరు ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుండి ఒక స్నాయుబంధనమును తీసి, ఎడమ మోచేతి ఎముకలలో రంధ్రములు తొలిచి, వాటి గుండ దానిని బిగించినాడు. మరల ఆడు ఆశ నూటికి ఒక పాలే యనుకొన్నారు. 1976లో టామీ జాన్ తిరిగి వచ్చినాడు. శస్త్రచికిత్సకు ముందు 124 ఆటలు గెలిచినవాడు, తరువాత 164 గెలిచి, 1989లో 46వ యేట విరమించినాడు. నేటికిని ఆ చికిత్సను అతని పేరనే పిలుచుచున్నారు.

తీసిన ఆ స్నాయుబంధనమును విద్యార్థులు తమ చేతియందే చూచుకొనవచ్చును. బొటనవ్రేలి కొనను చిటికెనవ్రేలి కొనకు తాకించి, మణికట్టును కొంచెము లోనికి వంచుడు. మణికట్టు నడుమ త్రాడువలె ఒకటి పైకి లేచును. కొందరిలో అది పుట్టుకతోనే ఉండదు. ఐనను వారి పట్టునకు చెప్పుకోదగిన లోపము రాదు. అందుచేతనే దానిని మరొకచోట వాడుటకు వైద్యులు జంకరు.

త్రాడును బిగించుట కొద్ది గంటల పని. అసలు పని తరువాత మొదలగును. క్రొత్త చోట దానిలోనికి రక్తనాళములు ప్రాకవలెను. క్రొత్త కణములు చేరవలెను. నారలు అచ్చటి లాగుడుకు తగినట్లు మరల అమరవలెను. దీనికి నెలలు పట్టును. ఎంత ధనము పోసినను ఈ కాలమును కొనలేము. 2010లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలనలో, శస్త్రచికిత్స జరిగిన 743 మందిని రెండేండ్లకు తక్కువ కాకుండ గమనింపగా, నూటికి 83 మంది పూర్వపు స్థాయికో అంతకు పైస్థాయికో చేరినారు. పోటీలకు దిగుటకు సగటున 11.6 నెలలు పట్టినది. అన్నిటికంటె పై తరగతి పోటీలలో ఆడు 179 మంది పిచ్చర్లను గూర్చి 2014లో వెలువడిన లెక్కలో 148 మంది ఆ తరగతికి తిరిగి వచ్చినారు. ఇదియు నూటికి 83 వంతే. తక్కినవారిలో పెక్కుమంది క్రింది తరగతులలో ఆడినారు.

ఇంత మంచి ఫలితము నుండి ఒక భ్రమ పుట్టినది. 2012 నాటి ఒక పరిశీలనలో అమెరికా ఉన్నత పాఠశాల ఆటగాండ్రలో దాదాపు సగము మంది, దెబ్బ తగులకున్నను ఈ చికిత్స చేయించుకొన్నచో ఆట మెరుగగునని తలచినారు. ఇది తప్పు. శస్త్రచికిత్స విరిగినదానిని అతుకునే గాని లేని బలమును పుట్టింపదు. ఆ యేడాది శ్రద్ధగా చేసిన వ్యాయామము వలన కొందరికి మేలు కలుగవచ్చును. ఆ వ్యాయామమునకు కత్తితో పనిలేదు.

వెల కట్టు లెక్క

అమెరికాలో జట్లు తమ ఆటగాండ్రను పరస్పరము మార్చుకొనును. అప్పుడు శస్త్రచికిత్స జరిగినవానికి వెల ఎట్లు కట్టుదురు? ఒక పిచ్చరు ఆట ఏడాదికి 10 కోట్ల రూపాయల విలువ చేయుననుకొందము. మూడేండ్ల ఒడంబడికకు 30 కోట్లు. శస్త్రచికిత్స జరిగినచో మొదటి యేడు పోవును. మిగిలిన 20 కోట్లను, తిరిగి వచ్చు అవకాశమైన 0.83 చేత హెచ్చింపగా 16 కోట్ల 60 లక్షలు వచ్చును. వెల సగమునకు దగ్గరగా దిగినది. అదే ఒడంబడిక ఆరేండ్లదైనచో 60 కోట్లకు బదులు 41 కోట్ల 50 లక్షలు; నష్టము మూడవ వంతు కంటె తక్కువ. కావున ముందు ఎక్కువ కాలము గలవానికి వెల అంతగా పడిపోదు. ఒడంబడిక ముగియవచ్చినవానికి బాగుగా పడిపోవును.

ఈ లెక్కకు సాక్ష్యములు కలవు. జెఫ్ హాఫ్‌మన్ అను యువకునికి 2014 మేలో ఈ శస్త్రచికిత్స జరిగినది. మరుసటి నెలలోనే టొరాంటో జట్టు అతనిని ఎంచుకొన్నది. 2015లో పేరుమోసిన ఆటగాడు ట్రాయ్ టులోవిట్‌స్కీని పొందుటకై ఇతరులతో కలిపి అతనిని కొలరాడో జట్టుకు ఇచ్చివేసినది. చేయి బాగుపడునన్న ఆశకే అంత వెల. ఆశ తప్పుటయు కలదు. 2022 డిసెంబరులో టెక్సాస్ జట్టు జేకబ్ డిగ్రామ్‌కు అయిదేండ్లకు 18 కోట్ల 50 లక్షల డాలర్లు ఒప్పుకొన్నది. 2023లో ఆరు ఆటలలో మాత్రమే బంతి విసరిన పిదప అతని మోచేతికి శస్త్రచికిత్స అవసరమైనది.

మన దేశపు క్రికెట్టు వేలములోను ఇట్టిదే జరిగినది. ఇంగ్లండు బౌలరు జోఫ్రా ఆర్చర్‌కు దెబ్బ తగిలినది బంధనమునకు కాదు, మోచేతి ఎముకకు. 2021లో రెండు మార్లు శస్త్రచికిత్స జరిగినది. ఆ యేడు ఆడడని తెలిసియు 2022 ఫిబ్రవరిలో ముంబయి జట్టు 8 కోట్ల రూపాయలకు అతనిని కొన్నది. 2023లో అయిదు ఆటలు మాత్రమే ఆడగా, ఆ యేడాది చివర వదలివేసినది. 2024 నవంబరులో రాజస్థాన్ జట్టు 12 కోట్ల 50 లక్షలకు కొన్నది. వెల తగ్గుటయు పెరుగుటయు చేతిని బట్టియే కాక, కొనువాని ఓపికను బట్టియు ఉండునని దీనివలన తెలియును.

చేతికి తగిన ఆట

జపాను వీరుడు షొహెయ్ ఒహ్తానీ మోచేతికి 2018లో ఒకసారి, 2023 సెప్టెంబరులో మరొకసారి శస్త్రచికిత్స జరిగినది. ఐనను మూడు నెలలు తిరుగక మునుపే డాడ్జర్స్ జట్టు పదేండ్లకు 70 కోట్ల డాలర్లు ఒప్పుకొన్నది. అతడు బంతి విసరుటయే గాక బ్యాటుతోను కొట్టును. 2024లో బంతి విసరకయే 54 హోమ్ రన్‌లు కొట్టినాడు. 2025 జూనులో మరల విసరుట మొదలిడినాడు.

సానియా కథయు దీనికి చేరువయైనదే. టెన్నిస్‌లో జట్ల మార్పిడి లేదు, ర్యాంకే వెల. 2007లో ఆమె సింగిల్స్‌లో 27వ స్థానమునకు ఎక్కినది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ మొదటి ఆటలోనే మణికట్టు నొప్పిచే తప్పుకొన్నది. 2009లో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియా మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినది. ఐనను మణికట్టు, మోకాళ్లు మరల మరల బాధింపగా 2013లో సింగిల్స్ విడిచిపెట్టినది. డబుల్స్‌లో మైదానపు భారమును ఇద్దరు పంచుకొందురు. 2015 ఏప్రిల్‌లో ఆమె డబుల్స్‌లో ప్రపంచమున మొదటి స్థానమును అందుకొన్నది. మొత్తము 91 వారములు ఆ స్థానమున నిలిచినది. శస్త్రచికిత్స చేతిని ఆటకు తిరిగి ఇచ్చినది. ఆ చేతికి తగిన ఆటను ఎంచుకొన్నది ఆమె వివేకము.

బడి మైదానమునకు

ముడిమ్యాల పిల్లవానికి కోట్ల ఒడంబడిక లేదు, ఏడాది పొడవున కాచుకొని యుండు వైద్యుడును లేడు. కాని శరీరధర్మము ఒక్కటే. పైగా ఎదుగు పిల్లల ఎముక కొన ఇంకను మృదులాస్థితోనే అతికి యుండును. లాగుడు మితిమీరినచో బంధనము కంటె ముందు ఆ అతుకే దెబ్బతినును.

అమెరికాలో 2006లో వెలువడిన ఒక పరిశీలనలో, శస్త్రచికిత్స అవసరమైన యువ పిచ్చర్లను, దెబ్బ తగులనివారితో పోల్చి చూచినారు. ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పోటీలలో విసరువారికి ప్రమాదము 5 రెట్లు. చేయి అలసినను తరచు విసరువారికి 36 రెట్లు. కండరములు అలసినప్పుడు భారము బంధనముపై పడునని పైన చెప్పుకొన్నది ఇచ్చట అంకెలలో కనబడుచున్నది. అందుచేతనే అచ్చట 11, 12 ఏండ్లవారు రోజుకు 85కు, 13 నుండి 16 ఏండ్లవారు 95కు మించి విసరరాదని హద్దు పెట్టినారు. విసరిన సంఖ్యను బట్టి విశ్రాంతి దినములను కూడ నిర్ణయించినారు.

ఉపాధ్యాయులకు దీనికై యంత్రములు అక్కరలేదు. ఒక నోటు పుస్తకము, ఒక పెన్సిలు చాలును. ఎవడెన్ని మార్లు బలముగా విసరినాడో గీతలు గీయింపుడు. లెక్కించు పనిని ఆ దినము ఆడని విద్యార్థికి అప్పగింపుడు. ఒకనినే ప్రతిదినము అదే చోట నిలుపక మార్చుచుండుడు. “చెయ్యి గుంజుతున్నది సార్” అని పిల్లవాడు చెప్పినప్పుడు ఆ దినమునకు ఆట మాన్పించి, నొప్పి వారము దాటినను తగ్గకున్నచో వైద్యునికి చూపింపుడు. ఆ మాట సోమరి సాకు కాదు. భారము తమ వంతు మోయలేకున్నామని కండరములు చెప్పు కబురు.