పిలువని పేరంటాలు

క్రొత్త ఆండ్రాయిడు ఫోను కొనఁగానే క్రోము బ్రౌజరు పిలువని పేరంటాలివలె అందు ముందే కూర్చుండియుండును. పెక్కు ఫోనులలో దానిని పూర్తిగా తీసివేయుటకు వీలులేదు. సెట్టింగులలోని యాప్‌ల పట్టికయందు ‘డిసేబుల్’ నొక్కి కనుమరుగు చేయవచ్చును. మా నల్లగొండ యింట నేనట్లే దాఁచితిని. మా చిరంజీవి మఱునాఁడే ‘ఎనేబుల్’ నొక్కి మేల్కొలిపెను!

2022 అక్టోబరు 20వ తేదీన భారత కాంపిటీషన్ కమిషను గూగులునకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, ముందుగా చేర్చిన తన యాప్‌లను కొనినవారు తీసివేయకుండ అడ్డుపడరాదని శాసించెను. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, ఈ యాజ్ఞను కొట్టివేసెను.

దాఁచినది వెడలినట్లు కాదు. తలుపు మూసితిమని నమ్మి నిద్రించుటకంటె, బిడ్డ ప్రక్కన కూర్చుండి యేమి చూచుచున్నాఁడో యడుగుట మేలు గదా!