పోలీసు కాగితంలోని ఇంగ్లీషు మన ఇంట్లో ఎవరు చదువుతారు?

పిల్లలకు ఇంగ్లీషు రావాలన్న తపన ఈనాడు లేని ఇల్లు లేదు. రిక్షా తొక్కే తండ్రి అయినా, బీడీలు చుట్టే తల్లి అయినా కడుపు కట్టుకుని కాన్వెంటు ఫీజు కడుతున్నారు. పువ్వుల పేర్లు, పండ్ల పేర్లు, కంప్యూటర్ మాటలు, ఇంటర్వ్యూలో చెప్పవలసిన జవాబులు అన్నీ నేర్పిస్తున్నాం. అయితే ఒకరోజు ఖాకీ దుస్తుల మనిషి గుమ్మం ముందు నిలబడి ఒక కాగితం చేతికిస్తే, అది నోటీసా, వారెంటా, లేక పాస్‌పోర్టు విచారణ కాగితమా అని చదివి చెప్పగలిగే వారు ఎన్ని ఇళ్లలో ఉన్నారు? కాగితం అర్థం కానప్పుడు ఇల్లంతా వణుకుతుంది. తల్లి ఏడుస్తుంది, తండ్రి పేటలోని పెద్దమనిషి కోసం పరుగెత్తుతాడు. ఈ సందడిలో ఎవరో చూపించిన చోట సంతకం పడిపోతుంది.

ఈ భయంలో సగం మాటలు తెలియకపోవడం వల్ల వచ్చేదే. కాబట్టి పోలీసు, సమాజం, సంస్కరణ అనే మూడు విషయాలకు చెందిన కొన్ని ఇంగ్లీషు మాటలను ఈ వారం మనం కలిసి నేర్చుకుందాం.

పాత మాటలు మన ఇంటివే

ముందుగా ఒక ధైర్యం చెప్పుకోవాలి. తెలుగులో పోలీసు, కోర్టు భాషలో సగం మాటలు అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. ఫిర్యాదు అనే మాటకు ఫారసీలో అసలు అర్థం ‘ఆదుకోమని వేసే కేక’. జామీను, జప్తు, ఖైదు, హాజరు, వకీలు, నకలు, దరఖాస్తు - ఇవన్నీ మన నాయనమ్మలకు కూడా తెలిసిన మాటలు. పంచనామాలో ‘నామా’ ఫారసీ. ఠాణాలో రాసే రోజునామచా కూడా ఫారసీయే.

అయితే ఒక మాట దగ్గర జాగ్రత్త అవసరం. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, అంటే ఫిర్యాదుదారు. తెలుగు పత్రికల్లో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగు చదివే మన కుటుంబాల్లో ఈ ఒక్క మాట వల్ల మొత్తం విషయం తలకిందులు కావచ్చు. ఇంగ్లీషులో ఈ గందరగోళం లేదు. కేసు పెట్టినవాడు ‘కంప్లయినెంట్’, నేరం మోపబడినవాడు ‘అక్యూజ్డ్’.

‘పోలీస్’ అనే మాట గ్రీకులోని ‘పోలిస్’ నుంచి పుట్టింది. దానికి నగరం అని అర్థం. పాలిటిక్స్, మెట్రోపాలిటన్ కూడా ఆ తల్లి పిల్లలే. అంటే మూలంలో పోలీసు అన్నది నగరాన్ని సవ్యంగా నడిపే పనికి పేరు. లాఠీకి అందులో చోటు లేదు.

ఠాణా గుమ్మంలో వినిపించే మాటలు

ఎఫ్.ఐ.ఆర్. అంటే నేరం గురించి పోలీసులకు అందిన మొదటి సమాచారపు నమోదు. దీనికి ఇంగ్లీషు వచ్చి తీరాలన్న నియమం లేదు. నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, వెళ్లిన స్టేషన్‌లోనే రాసుకోవాలి. దాన్నే ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అంటున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోగా సంతకం చేయాలి.

‘కాగ్నిజబుల్’ అనే మాట నోరు తిరగనిదే గాని చాలా విలువైనది. మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు తామే దర్యాప్తు మొదలుపెట్టదగిన నేరం అని అర్థం. సమాచారంలో అలాంటి నేరం కనబడితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం పై అధికారి అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరపడానికి కొత్త చట్టం వీలు కల్పించింది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టు ద్వారా జిల్లా ఎస్పీకి పంపవచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

‘నోటీస్’ వేరు, ‘వారెంట్’ వేరు. అదే చట్టం 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసు ‘ఫలానా రోజు వచ్చి హాజరు కండి’ అని చెబుతుంది. దాని ప్రకారం నడుచుకునే మనిషిని ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. అది అందుకుని భయపడి ఊరు విడిచి వెళ్లడమే అసలు ప్రమాదం. వారెంటు కోర్టు ఇచ్చే అధికార పత్రం. వస్తువు కొన్నప్పుడు ఇచ్చే వారంటీ, గ్యారంటీ, ఈ వారెంటు మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయని పిల్లలకు చెప్పండి, ఇక మరచిపోరు.

‘స్టేట్‌మెంట్’ అంటే వాంగ్మూలం. దర్యాప్తులో సాక్షిని విచారించి పోలీసు అధికారి రాసుకునే వాంగ్మూలం మీద ఆ సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. ‘కన్ఫెషన్’ అంటే నేరాన్ని ఒప్పుకోవడం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును కోర్టులో నేరానికి రుజువుగా వాడరాదు. ఈ రెండు మాటల తేడా తెలిసిన ఇంట్లో తెల్ల కాగితం మీద సంతకం అంత సులభంగా పడదు.

‘అరెస్ట్ మెమో’ అన్న మాటను ఆడవాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి. మనిషిని తీసుకెళ్లేటప్పుడు ఈ కాగితం రాసి, కుటుంబ సభ్యుల చేత గాని పేటలోని గౌరవనీయుల చేత గాని సాక్షి సంతకం చేయించాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పులో సుప్రీం కోర్టు పెట్టిన నియమం ఇది. ఇప్పుడు చట్టంలోనే ఉంది. అరెస్టయిన వారిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతోంది. అసాధారణ పరిస్థితి ఉండి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారి వస్తే తప్ప, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు స్త్రీలను అరెస్టు చేయరాదు.

‘నాన్ బెయిలబుల్’ అనే మాట వినగానే ‘ఇక బెయిలు రాదు’ అనుకుని కుప్పకూలే తల్లులున్నారు. అది నిజం కాదు. బెయిలబుల్ నేరంలో బెయిలు హక్కు. నాన్ బెయిలబుల్ నేరంలో ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. అడగవచ్చు, చాలా కేసుల్లో వస్తుంది కూడా.

‘వెరిఫికేషన్’ అంటే సరిచూడటం. గల్ఫ్‌కు వెళ్లే పిల్లల పాస్‌పోర్టు కోసం పోలీసులు ఇంటికి రావడం ఇందుకే. అది కేసు కాదు. చుట్టుపక్కల వాళ్లు తలుపుల చాటు నుంచి చూస్తున్నారని సిగ్గుపడవలసిన పని లేదు.

అక్యూజ్డ్ అంటే దోషి కాదు

‘సస్పెక్ట్’ అంటే అనుమానితుడు. ‘అక్యూజ్డ్’ అంటే నేరం మోపబడినవాడు. ‘కన్విక్ట్’ అంటే కోర్టు దోషి అని తేల్చినవాడు. ఈ మూడు మెట్ల మధ్య దూరం ఎంతో ఉంది. విచారణ ముగిశాక నిర్దోషి అని తేలితే ‘అక్విటెడ్’. విచారణ దాకా వెళ్లకుండానే ఆధారం లేదని విడిచిపెడితే ‘డిస్చార్జ్‌డ్’. పత్రికల్లో కనిపించే ‘క్లీన్ చిట్’ కోర్టు మాటే కాదు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత అరెస్టయిన నగర యువకుల్లో కొందరు ఆ తర్వాత కోర్టులో అక్విట్ అయ్యారు. తీర్పు కాగితంలో ఆ మాట పడటానికి ఏళ్లు పడుతుంది. ఆ లోగా పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు, అద్దె ఇళ్లు అన్నీ ‘సస్పెక్ట్’ అన్న మొదటి మాట చుట్టూనే తిరుగుతాయి. అందుకే ఈ మాటల తేడా కోర్టుకెక్కిన కుటుంబానికే కాదు, దాని ఇరుగుపొరుగుకూ తెలియాలి. పక్కింటి పిల్లవాడు అక్యూజ్డ్ అయితే మనం అతన్ని కన్విక్ట్ చేయకూడదు.

కమ్యూనిటీ: ఒక మాట, రెండు అర్థాలు

మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో ‘కమ్యూనిటీ’ అంటే ఎక్కువగా కులమో, మతమో. ‘కమ్యూనల్’ అంటే మతకలహానికి సంబంధించినది. అదే ఇంగ్లండ్‌లో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లవాడికి హాస్టల్ గోడ మీద ‘కమ్యూనల్ కిచెన్’ అని కనబడితే గుండె ఝల్లుమంటుంది. అక్కడ దాని అర్థం అందరూ కలిసి వాడుకునే వంటిల్లు, అంతే. లాటిన్ మూలంలో ఈ మాటకు ‘అందరిదీ అయినది’ అనే అర్థం. మన దగ్గరకు వచ్చి ఆ మాటే అందరినీ విడదీసేదిగా మారడం విచారకరం.

‘కమ్యూనిటీ పోలీసింగ్’ అన్నప్పుడు మొదటి అర్థమే తీసుకోవాలి. ఒక ప్రాంతంలో ఉండే వారంతా పోలీసులతో కలిసి శాంతిని కాపాడుకోవడం అన్నమాట. దీనికి మంచి ఉదాహరణ మహారాష్ట్రలోని భివండీ. 1984లో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత ఆ దశాబ్దం చివర్లో అక్కడ డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన సురేశ్ ఖోపడే ప్రతి పేటలో హిందువులు, ముస్లిములు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలు ఏర్పాటు చేయించారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయి తగలబడుతున్నప్పుడు దాని పొరుగునే ఉన్న భివండీ ప్రశాంతంగా నిలిచింది. తెలంగాణ నుంచి వలస వెళ్లి మరమగ్గాల మీద బతికే తెలుగు నేతన్నలు ఎందరో ఉన్న పట్టణం అది. అక్కడి శాంతి మనవారి ఇళ్లను కూడా కాపాడింది. మొహల్లా అనే మాట మనది, కమ్యూనిటీ అనే మాట ఇంగ్లీషుది. పని ఒక్కటే.

రిఫార్మ్: సంస్కరణ, ఇస్లాహ్

‘రిఫార్మ్’ అంటే తిరిగి రూపు దిద్దడం. 1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు 1861లో పోలీసు చట్టం తెచ్చారు. దాన్ని వదిలించుకుని పోలీసు వ్యవస్థకు కొత్త రూపు ఇవ్వాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రత్యేక సంస్థ, దర్యాప్తును శాంతిభద్రతల విధి నుంచి వేరు చేయడం వాటిలో ఉన్నాయి. వీటినే పత్రికలు ‘పోలీస్ రిఫార్మ్స్’ అంటాయి.

‘సోషల్ రిఫార్మర్’ అంటే సంఘ సంస్కర్త. తెలుగువారికి ఆ మాట వినగానే కందుకూరి వీరేశలింగం గారు గుర్తుకు వస్తారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ప్రారంభించిన ఉర్దూ పత్రిక ‘తహజీబుల్ అఖ్లాఖ్’కు ఇంగ్లీషులో పెట్టుకున్న పేరు ‘మొహమ్మడన్ సోషల్ రిఫార్మర్’. హైదరాబాద్ కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి అంతకు ముందే, 1918లో, పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకున్నారు. పోలీసు, సంస్కర్త ఒకే మనిషిలో ఉండవచ్చని ఆయన జీవితం చూపింది.

ఈ మూడు రకాల మాటలనూ ఒకచోట చేర్చిన మహిళ బేగం రుఖియా. 1880లో బెంగాల్‌లోని పైరాబంద్‌లో పుట్టారు. ఆడపిల్లకు ఇంగ్లీషు తగదన్న ఇంట్లో, అందరూ నిద్రపోయాక అన్నయ్య రాత్రిపూట దీపం వెలుగులో ఆమెకు ఇంగ్లీషు నేర్పాడు. అలా నేర్చుకున్న ఇంగ్లీషులో ఆమె రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక మహిళా పత్రికలో అచ్చయింది. స్త్రీలు పాలించే ఆ కల దేశంలో నేరాలే లేవు. అందుచేత పోలీసులతో గాని, మేజిస్ట్రేట్లతో గాని పనే లేదు. ఇది రాసినామె భర్త స్వయంగా డిప్యూటీ మేజిస్ట్రేటు కావడం విశేషం. ఆమె కలలతో ఆగిపోలేదు. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది బాలికలతో బడి నడిపారు. ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను బతిమాలి పిల్లలను తెచ్చుకున్నారు.

ఇంట్లో ఎలా నేర్చుకోవాలి?

తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా వచ్చింది. ఫిర్యాదు తెలుగులోనో, ఉర్దూలోనో ఇచ్చుకోవచ్చు. అయినా హైకోర్టు, సుప్రీం కోర్టుల తీర్పులు ఇంగ్లీషులోనే వెలువడతాయి. కాబట్టి చదవగలిగేవారు ఇంటికొకరైనా ఉండాలి.

రోజుకు ఒక మాట చాలు. పాత నోటుపుస్తకంలో ఇంగ్లీషు మాట, తెలుగు అర్థం, ఉర్దూ అర్థం పక్కపక్కన రాయించండి. పత్రికలో వచ్చిన పోలీసు వార్తను పిల్లల చేత చదివించి, ‘ఇందులో అక్యూజ్డ్ ఎవరు? కంప్లయినెంట్ ఎవరు?’ అని అడగండి. అమ్మాయిల చేతే ముందు చదివించండి. ఎందుకంటే పోలీసు తలుపు తట్టే వేళకు మగవాళ్లు పనుల మీద బయట ఉంటారు, తలుపు తీసేది ఆడవాళ్లే. వకీలు పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సహాయం చేస్తుంది. ఇంగ్లీషులో దాని పేరు ‘లీగల్ ఎయిడ్’. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ అది హక్కు. నోటుపుస్తకంలో మొదటి మాటగా దాన్నే రాయించండి.