పాత యంత్రమునకు పాత భాగములు

మారికుప్పము స్టేషను నుండి మా పాఠశాలకు వచ్చు దారిలో ఒక ఇంటి వసారాయందు గోనెపట్టా కప్పిన జావా మోటారు సైకిలు చాలకాలముగా నిలిచియున్నది. ఆ యింటి పెద్దాయన గనిలో పనిచేయు రోజులలో కొన్నదట. ఆయన మనుమడు మా తరగతిలోనే చదువుచున్నాడు. "అయ్యవారూ, పాత సామాను కొని తాత బండిని మళ్లీ నడపవచ్చునా?" అని యొకనాడు అడిగినాడు. నడపవచ్చునని చెప్పితిమి. ఏ పాత సామాను కొనవచ్చునో, దేనిని ముట్టరాదో చెప్పనంతవరకు అది సగము జవాబే. మిగిలిన సగము ఇచ్చట వ్రాయుచున్నాము.

జావా చెకోస్లొవేకియాలో 1929లో పుట్టిన పేరు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో ఈ బండ్లను చేయనారంభించి, తరువాత యెజ్డి అను పేరుతో కొనసాగించి, 1996లో మూతపడినది. 2018లో జావా పేరు మరల వచ్చినది గాని, ఆ బండి యంత్రము నీటితో చల్లబడు నాలుగు స్ట్రోకులది. పాతది గాలితో చల్లబడు రెండు స్ట్రోకులది. ఒకదాని సామాను మరియొకదానికి సరిపడదు. పిస్టన్లు, రింగులు వంటివి నేటికిని కొత్తగా చేసి అమ్మువారున్నారు. క్రాంక్ కేసు, గేరు చక్రములు వంటి వాటికి మాత్రము బెంగళూరు శివాజీనగరములోని గుజరీ అంగళ్లలో వెదకవలసినదే. మన ఊరినుండి రైలున్నది గనుక ఆ ప్రయాణము కష్టము కాదు. అంగడిలో ఎంచుకొనుటయే కష్టము.

అచ్చట ప్రతి భాగమును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మెరిపించి పెట్టుదురు. మాకు తెలిసిన వృద్ధ మెకానిక్కు ఒకరు, 2001లో మూతపడువరకు గని వర్కుషాపులో పనిచేసినవారు, ఈ మెరుపును చూచి నవ్వుదురు. "అయ్యోరూ, గనిలో పంజరాన్ని మోసే ఇనప తాడును ఎవరైనా కంటితో చూసి బాగుందన్నారా? గడువు రాగానే కొస కోసి పరీక్షకు పంపేవాళ్లు" అని వారి మాట. పదే పదే బరువును మోసిన లోహము పైకి చెక్కుచెదరకయే లోపల అలసిపోవును. ఒకనాడు చిన్న బీట పుట్టి, అది పెరిగి, హఠాత్తుగా తెగును. తాతలు దిగిన గనికి వర్తించినది మనుమల బండికిని వర్తించును.

మొదట సిలిండరు. జావా 250 యంత్రమున దీని లోవ్యాసము 65 మి.మీ., పిస్టను నడచు దూరము 75 మి.మీ. సిలిండరు పోత ఇనుముది. అరిగినను దానిని పారవేయ నక్కరలేదు. కాని అరుగుదల అంతట ఒకే రీతిగా ఉండదు. రింగులు పైకి పోయి వెనుదిరుగు చోట ఎక్కువ, అడుగున తక్కువ. గుండ్రముగా ఉండవలసినది కొంత కోలగా మారును. అందుచేత బోరు గేజితో పైన, నడుమ, క్రింద, ఒక్కొక్కచోట రెండు దిక్కులలో కొలవవలెను. ఆరు అంకెలు కాగితముపై లేనిదే సిలిండరు కొనరాదు. అరిగినదానిని బోరు చేయించి, పావు మిల్లీమీటరు చొప్పున పెద్దవైన పిస్టన్లలో తగినదానిని వేయుదురు. చివరి కొలతవరకు వచ్చినదైనచో స్లీవు వేయింపవలసివచ్చును. ఆ ఖర్చును బేరమాడు వేళనే లెక్కించుకొనుట మంచిది.

మరొకరి యంత్రములో తిరిగిన పిస్టను, రింగులు ఎంత చౌకైనను వద్దు. రింగు తాను తిరిగిన సిలిండరు గోడకు అనుగుణముగా అరిగియుండును. కొత్త గోడకు అతుకదు. పిస్టను సంగతి ఇంకను సున్నితము. అది అల్యూమినియము మిశ్రలోహము. 65 మి.మీ. పిస్టను నూరు డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.13 మి.మీ. పెరుగును, అంతే వేడికి ఇనుప సిలిండరు 0.07 మి.మీ. మాత్రమే పెరుగును. ఈ తేడాకై నడుమ సందు విడుతురు. ఆ సందు చాలనిచో పిస్టను బిగిసిపోవును.

బిగిసిపోవుట యనగా నేమో మేము పుస్తకములో చదివి తెలిసికొన్నది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా బండిని విప్పించినప్పుడు, క్రాంకు ఇరుసు ప్రక్కనుండు ఆయిల్ సీలు మెత్తగానే ఉన్నదని, కొద్ది రూపాయలు మిగులునని, పాతదానినే పెట్టించితిమి. రెండు స్ట్రోకుల యంత్రమున క్రాంక్ కేసు ఒక పంపువంటిది. సీలు కారినచో బయటి గాలి లోనికి చొచ్చును, పెట్రోలు పాలు తగ్గును, పెట్రోలులోనే నూనె కలిసియుండును గనుక నూనెయు తగ్గును, వేడిమి హెచ్చును. బేతమంగళము దారిలో ఒక సాయంకాలము పిస్టను పట్టుకొని వెనుకచక్రము నిలిచిపోయినది. వెనుక మా కుమారుడు కూర్చుండెను. క్లచ్చి సమయమునకు చేతికి అందినది గాని, లేనిచో ఏమి జరిగియుండునో తలంచుటకే ఇష్టము లేదు. నాటినుండి సీళ్లు, గ్యాస్కెట్లు, బేరింగులు, పిస్టను పిన్ను కొక్కెములు కొత్తవి కాక వేయించుట లేదు. ఇందులో పొదుపు మాట తలపెట్టరాదు.

కనెక్టింగ్ రాడ్డును ప్రక్కలకు కొంచెము ఊపినచో కదలవచ్చును. నిలువుగా లాగి నొక్కినప్పుడు ఏ మాత్రము కదలిక తోచినను పెద్దకొస బేరింగు అరిగినదని తెలియవలెను. అప్పుడు క్రాంకును ప్రెస్సుపై విడదీసి, కొత్త పిన్ను, రోలర్లతో బిగించి, డయల్ గేజితో వంకర సరిచూడవలెను. సుత్తితో ఈ పని చేయు అంగడిలోనుండి బండిని వెంటనే తెచ్చుకొనుడు!

గేరు చక్రములు పాతవైనను మంచివే దొరకును. వాటి పైపొర మాత్రమే గట్టిపరచినది; పండ్లపై సూదిగుంటలు కనిపించినచో ఆ పొర లేచుచున్నదన్నమాట. మార్చినప్పుడు జతగా మార్చవలెను. క్రాంక్ కేసు రెండు అరలును ఒకే యంత్రమునకు చెందినవై యుండవలెను. కర్మాగారమున రెంటిని కలిపియే తొలిచియుందురు. బీట ఉన్నదని అనుమానమైనచో కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లుడు. బీట ఉన్నచోట తడి గీత తేలును.

తల్లిదండ్రులకు ఒక మాట. యంత్రపు సంఖ్య క్రాంక్ కేసుపైననే చెక్కబడియుండును, రిజిస్ట్రేషను పత్రములోను ఉండును. సంఖ్య అరగదీసినదానిని ఎంత చౌకైనను కొననీయకుడు. అది దొంగ బండిది కావచ్చును. సరియైనదానికి రసీదు తీసికొని, మార్పును రవాణా కార్యాలయమున తెలిపి నమోదు చేయింపవలెను.

మొన్న ఆదివారము ఆ బాలుడును మేమును గోనెపట్టా తీసి సిలిండరు కొలిచితిమి. పైన 65.62, క్రింద 65.54. ఇదివరకే రెండుమార్లు పెద్దది చేసినదన్నమాట. ఇప్పుడు 65.75 కొలత పిస్టను కావలెను. సిలిండరును నేడే బోరు చేయింతునని బాలుడు తొందరపడెను. ముందు పిస్టను దొరకవలెను, దానిని మైక్రోమీటరుతో కొలిచి ఆ కొలతకు బోరు చేయింపవలెనని ఆపితిమి. వచ్చే ఆదివారము ఉదయపు రైలుకు తాతగారును వత్తునన్నారు.